బీరయ్య నడవడికి రెండు విచారణలు

1961 వానాకాలంలో నన్ను నల్గొండ జిల్లాలోని ఒక ఠాణాకు స్టేషన్ రైటరుగా బదిలీ చేశారు. ఠాణా పేరు రాయను. కట్టంగూరు దగ్గర పెద్దరోడ్డు మీద బస్సు దిగి, ఎడ్లబండి దొరికితే బండి మీద, దొరక్కపోతే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని నడిచి పోవలసిన ఊరు అంటే చాలు. నాది పాలమూరు జిల్లా. అక్కడి దుమ్ము తిని పెరిగినవాణ్ని కాబట్టి ఇక్కడి దుమ్ము గురించి ఫిర్యాదు చెయ్యలేదు. చేసినా లాభం లేదు, ఎందుకంటే ఆ ఠాణాలో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం నాదే.

స్టేషన్ రైటరంటే హెడ్ కానిస్టేబుల్ హోదా. పైన సబ్ ఇన్‌స్పెక్టరు ఉంటాడు. నిజాం కాలపు అలవాటు కొద్దీ మా వైపు జనం ఆయన్ని అమీన్ సాబ్ అనేవారు. అమీన్ సాబ్ నేరాన్ని పరిశోధిస్తాడు, రైటరు దాన్ని రాస్తాడు అని నిబంధన. ఆచరణలో రైటరు ఏది రాస్తే అమీన్ సాబ్ దాన్ని పరిశోధించినట్టు. ఆ అమీన్ సాబ్ మంచివాడే. ఉదయం పది గంటలకు సంతకాలు పెట్టడం మొదలుపెట్టి, పదకొండుకల్లా అలిసిపోయేవాడు.

నేను చేరిన వారానికే బీరయ్య పరిచయమయ్యాడు. లాకప్పులో. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటాయి. గొర్రెలు కాసే కుటుంబం. తల్లీ తండ్రీ కలరాతో ఒకే వారంలో పోతే అవ్వ ఎల్లమ్మ పెంచింది. తండ్రి వాటా గొర్రెలు చిన్నాయిన మందలో కలిసిపోయాయి. కలిసిన గొర్రెలు మళ్ళీ విడిపోవడం కష్టమని చిన్నాయిన వాదన. ఆ వాదన విని విని బీరయ్య ఒకరోజు కర్రతో ఆయన చెయ్యి విరగ్గొట్టాడు. తర్వాత కల్లు కాంపౌండులో ఇద్దరి తలలు పగలగొట్టాడు. అంగట్లో ఎవరిదో పొట్టేలును అమ్మాడు. ఇవన్నీ నేను రాకముందు ఘనకార్యాలు. నా చేతిరాతతో నమోదైన మొదటిది వేరే రకం నేరం, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పంట కోతలయ్యాక రైతులు తమ పొలంలో రాత్రిళ్ళు గొర్రెల మంద పెట్టించుకుంటారు. గొర్రెలు పడుకున్నచోట పడే ఎరువుకు సాటి లేదు. బదులుగా కాపరికి ఇన్ని గింజలు కొలుస్తారు. ఏటా మొదటి పది రాత్రులూ మంద పోలీస్ పటేల్ పొలంలోనే పెట్టాలి, ఆయన దగ్గర గింజలు అడగకూడదు. ఇది ఆ ఊరి ఆనవాయితీ. పోలీస్ పటేలంటే ఊళ్ళో నేరం జరిగితే ఠాణాకు తెలియజేయవలసిన వంశపారంపర్య అధికారి. ఈయన ఆ బాధ్యతను చాలా శ్రద్ధగా నిర్వహించేవాడు, తన వల్ల జరిగినవి తప్ప.

ఆ ఏడు పటేల్ పొలంలో పెట్టిన మందను బీరయ్య వరుసగా నాలుగు రాత్రులు దడి విప్పి తోలుకుపోయి, అవ్వకున్న ఎకరం మెట్ట చెలకలో పడుకోబెట్టి, తెల్లారకముందే తెచ్చి మళ్ళీ దడిలో కట్టేశాడు. గొర్రె ఒక్కటీ పోలేదు. ఎరువు మాత్రం ఎల్లమ్మ చెలకలో పడింది. పటేల్ వచ్చి దొంగతనం కేసు పెట్టమన్నాడు. అమీన్ సాబ్ పెట్టమని నాకు చెప్పి ఊరుకున్నాడు. ఫారంలో పోయిన సొత్తు వివరం రాయాలి. గొర్రె పెంట అని రాశాను. బరువు తెలియదు అని రాశాను. తర్వాతి గడిలో సొత్తు ఎక్కడ దొరికిందో, స్వాధీనం చేసుకున్నారో లేదో రాయాలి. పంచుల సమక్షంలో చెలకంతా ఊడ్పించి సీలు వెయ్యడానికి ఠాణాలో అంత లక్క లేదని అమీన్ సాబ్‌కు మనవి చేశాను. చివరికి కేసు లేకుండా, పిలగాడికి బుద్ధి చెప్పి వదిలేద్దామన్నారు. బుద్ధి చెప్పడమంటే మా శాఖలో ఏమిటో వివరించనక్కర్లేదు.

కొట్టినప్పుడు అతను ఏడ్చేవాడు కాదు, బతిమాలేవాడు కాదు. గోడకేసి చూస్తూ నిలబడేవాడు. నాకు అది చూస్తే బాధగా ఉండేది, భయంగా కూడా ఉండేది. ముప్పై ఏళ్ళు రాకముందే ఇతను ఎవరినో చంపుతాడు, లేదా ఇతన్నే ఎవరో చంపుతారు అనుకునేవాణ్ని. అనుకొని అతని పేర హిస్టరీ షీట్ తెరిచాను. పదేపదే నేరం చేసేవాళ్ళ చరిత్రను ఠాణాలో రాసిపెట్టే కాగితాలకు ఆ పేరు. షీటు ఉన్నవాణ్ని ప్రతి నెలా కానిస్టేబుల్ వెళ్ళి చూసి, ఊళ్ళో ఉన్నాడా లేడా రాసుకురావాలి. చరిత్రకెక్కడమంటే ఆ ఊరివాళ్ళెవరికీ దక్కని గౌరవం, బీరయ్యకు దక్కింది.

1962 చివర చైనా యుద్ధం వచ్చి పోయింది. ఆ చలికాలమే పటేల్ గడ్డివాము తగలబడింది. ఏడాది పొడవునా ఎడ్లు తినవలసిన గడ్డి. బీరయ్యను పట్టుకొచ్చి అడిగితే దాచలేదు.

"నేనే అంటువెట్టిన. మా అవ్వ పొట్టేలును పండుగకని గుంజుకపోయిండ్రు. అవ్వ అడ్డం వోతె నూకేసిండ్రు" అన్నాడు.

ఎల్లమ్మ మోచేతికి దెబ్బ తగిలిన మాట నిజం. దాన్ని రాయడానికి ఫిర్యాదు లేదు. వాముకు ఫిర్యాదు ఉంది. నిప్పు పెట్టిన నేరం చిన్నది కాదు, సెషన్స్ కోర్టుకు పోతుంది, ఏళ్ళ తరబడి జైలు. నేను ఛార్జిషీటుకు కాగితాలు సర్దుతుండగా జిల్లా నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. నల్గొండలో సైన్యంలోకి ఎంపిక జరుగుతుంది, ప్రతి ఠాణా నుంచి దేశభక్తి గల యువకులను పంపాలి, పంపనివారు కారణం తెలపాలి. దండోరా వేయించాం. దేశభక్తి గల యువకులు ఆ వారం రోజులు చుట్టాల ఊళ్ళలో ఉన్నారు.

ఉపాయం చెప్పింది పటేలే. "అమీన్ సాబ్, గీ బీరిగాన్ని తోలుండ్రి మిల్ట్రీకి. కోర్టుకు పోతె రేపో మాపో ఇడిచిపెడ్తరు, మల్ల నా వాము మీదికే వస్తడు. మిల్ట్రీల అయితె చైనోడన్న సంపుతడు, లేకుంటె మిల్ట్రీవాళ్ళే తన్ని సంపుతరు. ఊరికి పీడ పోతది."

అమీన్ సాబ్ ముఖం వికసించింది. ఒక కేసు తగ్గుతుంది, ఒక దేశభక్తుడు పెరుగుతాడు. పటేల్ అప్పటికప్పుడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. పశువుల కొట్టంలో లాంతరు పడి వాము అంటుకుందని తేలింది. ఏ లాంతరని మేము అడగలేదు.

బీరయ్యను లాకప్పు నుంచి తీసి, జైలా మిల్ట్రీయా తేల్చుకోమన్నాం. అతను రెండే ప్రశ్నలు అడిగాడు. మొదటిది తిండి పెడతారా అని. పెడతారన్నాను. రెండోది:

"ఆడ గూడ పటేల్ ఉంటడా?"

పటేల్ ఉండడు గానీ నాయక్, హవల్దార్, సుబేదార్ అని ఒకరి మీద ఒకరు ఉంటారని చెప్పాను.

"ఆళ్ళు గొర్లు గుంజుకపోతరా?"

పోరన్నాను. "అయితె పోత" అన్నాడు.

ఎల్లమ్మ మర్నాడు ఠాణాకు వచ్చింది. అమీన్ సాబ్ దగ్గరికి పోలేదు, నా బల్ల ముందు నేల మీద కూచుంది. మోచేతికి పసుపు గుడ్డ కట్టుకొని ఉంది. లేచి కూచోమన్నా వినలేదు.

"కొడుకా, నువ్వు రాసిందే నడుస్తదంట గద. ఆడు మంచోడని రాస్తవంట. రాయి. రాసినంక, మల్ల తిరిగొస్తడని గూడ రాయి."

సైన్యానికి రాసి పంపే ఫారంలో అట్లాంటి గడి లేదని చెప్పాను. నిజం చెప్పినందుకు నాకే సిగ్గేసింది. ఆమె, గడి లేకపోతే పక్కన రాయొచ్చు గదా అని అడిగి, వెళ్ళిపోయింది.

నల్గొండ ఎంపికలో బీరయ్యకు ఇబ్బంది రాలేదు. గొర్రెల వెంట గుట్టలెక్కిన కాళ్ళు, ఊపిరి పీలిస్తే రెండంగుళాలు పెరిగే ఛాతీ. అసలు ఇబ్బంది తర్వాత వచ్చింది, నా బల్ల మీదికే. ఎంపికైనవాడి గురించి సైన్యం ఒక విచారణ ఫారం పంపుతుంది. ఇతనికి శిక్ష పడిందా, నడవడి ఎట్లాంటిది, రాజ్యానికి ప్రమాదకారి కాదు గదా అని అందులో ప్రశ్నలు. ఠాణా విచారించి, ఊరి పెద్దల వాంగ్మూలాలు జతపరచి తిప్పి పంపాలి. శిక్ష పడిందా అన్న ప్రశ్నకు లేదని నిజమే రాశాను. ఏ కేసూ కోర్టుకు పోనిస్తే గదా. నడవడి ప్రశ్నకు ఊరివాళ్ళను పిలిపించాను.

అట్లాంటి ఏకాభిప్రాయం నా సర్వీసులో అంతకుముందు చూడలేదు. బీరయ్య వినయవంతుడు, పెద్దల మాట జవదాటడు అని పటేల్ వాంగ్మూలం. కల్లు ముట్టడు అని కల్లు కాంపౌండు గౌడు చెప్పాడు. చెబుతున్నప్పుడు తలకున్న కుట్ల మచ్చ గోక్కున్నాడు. నన్ను తండ్రిలా చూసుకుంటాడు అని చిన్నాయిన, విరిగి అతుక్కున్న చేత్తోనే వేలిముద్ర వేశాడు. నేను వాళ్ళు చెప్పినదాన్ని చెప్పినట్టే రాశాను, ఒకట్రెండుచోట్ల భాష దిద్దాను. హిస్టరీ షీటు సంగతి రాయలేదు. ఫారంలో అడగలేదు గదా అని మనసుకు చెప్పుకున్నాను. అడగకపోయినా చెప్పవలసిన విషయమని నాకు తెలుసు. కింద నడవడి మంచిది అని రాసి, అమీన్ సాబ్ సంతకానికి పెట్టాను. నా ఉద్యోగంలో పూర్తిగా తెలిసి రాసిన అబద్ధం అది. నియమం ప్రకారం ఒక నకలు తీసి ఫైల్లో పెట్టాను. అబద్ధానికి కూడా ఆఫీసు కాపీ ఉండాలి.

బీరయ్య వెళ్ళిపోయాడు. షీటు మాత్రం వెళ్ళలేదు. దాన్ని మూసెయ్యాలంటే పై అధికారికి రాయాలి, రాస్తే నేను ఫారంలో దాచిన సంగతి బయటపడుతుంది. అందుకని ప్రతి నెలా కానిస్టేబుల్ ఊరికి పోయి, ఎల్లమ్మ దగ్గర మజ్జిగ తాగి వచ్చి, ఊళ్ళో లేడు అని రాసేవాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఆ కాగితాలు తిప్పి, ఇతను పదకొండు నెలలుగా కనపడుట లేదు, గట్టిగా గాలించవలెను అని ఎర్ర సిరాతో రాసిపోయాడు. ప్రభుత్వం ఒక చేత్తో జీతమిచ్చి కాపలా పెట్టినవాణ్ని ఇంకో చేత్తో వెతకమన్నదన్నమాట. సరిహద్దు దాకా గాలించడానికి మాకు సైకిలు ఒకటే ఉంది.

1964 ఎండాకాలంలో అతనే దొరికాడు. ఒకరోజు పొద్దున్నే ఠాణా మెట్లమీద బూట్ల చప్పుడు. నిటారుగా నిలబడి నాకు సలాం కొట్టాడు. నేను లేచి నిలబడబోయి, హిస్టరీ షీటరుకు లేవకూడదని గుర్తొచ్చి మళ్ళీ కూచున్నాను. శెలవు మీద రెండు నెలలు ఊళ్ళో ఉంటాననీ, ముందుగా హాజరు చెప్పుకుందామని వచ్చాననీ అన్నాడు. హాజరు చెప్పడానికి తనంతట తాను వచ్చిన షీటరును నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. టీ తెప్పించి, అక్కడేం చేశారో చెప్పమన్నాను.

అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెప్పిందంతా కలిపితే ఇంతే. మొదటి వారంలోనే తిట్టిన హవల్దారును కొట్టాడట. ఇంక చంపుతారు అనుకొని అలవాటు ప్రకారం గోడకేసి తిరిగి నిలబడ్డాడట. ఎవరూ కొట్టలేదు. తుపాకీ రెండు చేతులా నెత్తిమీద పట్టుకొని మైదానం చుట్టూ పరుగెత్తమన్నారు, కిందపడేదాకా.

"శిచ్చ ఏసిన హవల్దారు గూడ నాతోని ఉరికిండు సార్. ఆయనకు నా రెండింతల వయసుంటది. నేను పడేదాంక ఉరికి, పడ్డంక లేపి నీళ్ళు తాపిండు. ఊళ్ళె నన్ను కొట్టినోళ్ళు గిన్ని మంది, ఒక్కడన్న నా ఎంట ఉరికిండా?"

ఆ కొట్టినవాళ్ళలో సగం మంది మా ఠాణావాళ్ళే.

ఇంకొకటి కూడా చెప్పాడు. అక్కడ రోజుకు రెండుసార్లు పేర్లు పిలిచి లెక్క చూస్తారట. మొదట్లో ఇది కూడా ఠాణా హాజరులాంటిదే అనుకున్నాడట.

"గాదు సార్. ఈడ మీరు నన్ను లెక్కవెట్టేది ఎవల కొంప ముంచవొయిండో అని. ఆడ ఒక్కడు తక్కువయిండంటె, ఆడు దొరికేదాంక అందరు నిలవడే ఉంటరు. బువ్వ గూడ తినరు. ఒకనాడు నాకు జెరమొచ్చి గుడారంల పడితె నూరు మంది నిలవడ్డరు నాకోసం."

చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అన్ని దెబ్బలకూ ఏడవనివాడు ఈ మాటకు ఏడ్చాడు. ఆ నెల హాజరు గడిలో ఊళ్ళో ఉన్నాడు అని నేనే రాశాను, కానిస్టేబులును పంపలేదు.

ఊరికి మాత్రం ఆ రెండు నెలలూ గడ్డుకాలం. బీరయ్య తాగి తన్నుతుంటే ఎట్లా ఉండాలో వాళ్ళకు తెలుసు. తాగకుండా తెల్లవారుజామున లేచి, మంచినీళ్ళ బావి దగ్గర కర్ర పాతి, వరుసలో నిలబడి చేదుకోండని చెబితే ఏం చెయ్యాలో తెలియలేదు. పటేల్ ఇంటి పనిమనిషిని కూడా వరుసలో నిలబెట్టాడు. కాపరులను పోగుచేసి, ఈ ఏడు నుంచి మంద వంతు ప్రకారం పెడదామన్నాడు. ఊరికి తూర్పున మొదలుపెట్టి ఒక్కొక్క పొలం. పటేల్ పొలం తొమ్మిదోది, అవ్వ చెలక పదిహేడోది. ఒకప్పుడు దొంగతనంగా చేసిన పనిని ఇప్పుడు బాహాటంగా, తన వంతు కోసం కాచుకొని చేస్తున్నాడు. పటేల్ మళ్ళీ ఠాణాకు వచ్చి ఫిర్యాదు రాసుకోమన్నాడు. ఏమని రాయాలని అడిగాను.

"వంతులు పెడ్తుండు రైటర్ సాబ్. అదేం పద్ధతి?"

వంతు పెట్టడానికి శిక్షాస్మృతిలో సెక్షను లేదని చెబితే, నేను వెతకలేదని ఆయన అనుమానం. బీరయ్య శెలవు అయిపోయి తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు దాకా సాగనంపింది ఎల్లమ్మ ఒక్కతే. ఊరు ఊపిరి పీల్చుకుంది. వంతు మాత్రం కాపరులకు రుచి తగిలి ఆగలేదు.

1965 యుద్ధంలో బీరయ్య ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. మిగిలిన మనిషిని ప్రభుత్వం మరుసటి ఏడు ఇంటికి పంపింది. ఈలోగా నాకు సబ్ ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి వచ్చి అచ్చంపేట వైపు కొన్నాళ్ళు పనిచేశాను. 1967లో ఎవరికీ అక్కరలేని ఠాణా ఒకటి ఖాళీ అయితే నన్ను అక్కడే వేశారు. అదే ఠాణా. అంతకుముందు అమీన్ సాబ్ అలిసిపోయిన కుర్చీలో ఇప్పుడు నేను కూచున్నాను.

వెళ్ళిన నెలలోనే నా బల్లమీదికి మళ్ళీ ఒక విచారణ ఫారం వచ్చింది. ఈసారి అటవీ శాఖ నుంచి. యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చే ఉద్యోగాల్లో బీరయ్యకు నల్లమల అడవుల్లో గార్డు పని దొరికింది. పదిహేను రోజుల్లో ఠాణా నుంచి మంచి నడవడి రిపోర్టు రాకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివాడికి పోతుంది. మూడు వేళ్ళ చేత్తో గొర్రె బొచ్చు కత్తిరించలేక, అవ్వను పోషించలేక అతను ఏడాదిగా తిప్పలు పడుతున్నాడని కానిస్టేబుల్ చెప్పాడు. నా కింద చేరిన కొత్త రైటరు నిజాయితీపరుడు. అంటే చిక్కుల్లో పెట్టేవాడు. ఫారం మీద ముందే పెన్సిలుతో హిస్టరీ షీటు అమలులో ఉన్నది అని రాసిపెట్టాడు. షీటు తెరిచిన చేతిరాత నాదే కాబట్టి కాదనడానికి లేదు.

ఊరి పెద్దలను పిలిపించాను. అదే పటేల్, అదే గౌడు, అదే చిన్నాయిన. ముగ్గురికీ జుట్టు నెరిసింది, ఏకాభిప్రాయం మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆడు మంచోడు గాడు అమీన్ సాబ్. ఊరు చెడగొట్టిండు. పెద్దచిన్న లేదు. రేపు సర్కారు నౌకరయి శెలవులకొస్తె ఇంక మా మాట ఎవలింటరు?" అన్నాడు పటేల్.

"ఆడు తాగడు. తాగినోన్ని పట్టుకొని ఇంట్ల దించొస్తడు. గట్లయితె నా బేరం ఎట్ల నడుస్తది?" అన్నాడు గౌడు.

చిన్నాయిన తలొంచుకొని, మంద పంచమని బీరయ్య అర్జీ పెట్టాడు, కోపగించుకోకుండా పెట్టాడు, అదే నచ్చలేదు అన్నాడు.

రౌడీగా ఉన్నప్పుడు సాధువని రాసిచ్చినవాళ్ళు, మనిషయ్యాక రౌడీ అని చెబుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. లోపలి గదిలోకి పోయి 1963 ఫైలు తీసి, ఆఫీసు కాపీ తెచ్చి బల్లమీద పరిచి, వినయవంతుడు, పెద్దల మాట జవదాటడు, కల్లు ముట్టడు, తండ్రిలా చూసుకుంటాడు అని గట్టిగా చదివాను. సర్కారు నౌకరుకు తప్పుడు సమాచారం ఇవ్వడం నేరమని, ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పుడుదని, ఏదో చెబితే కేసు రాస్తానని అన్నాను.

గౌడూ చిన్నాయినా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పటేల్ చూడలేదు. ఆయన నా ముఖమే చూశాడు.

"మరి గప్పుడు రాసింది మీరే గద అమీన్ సాబ్? మీకు ఎరుక లేదా?"

రైటరు పెన్ను పట్టుకొని నావైపు చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను అడిగిన ప్రశ్నల్లో సరైనది అదొక్కటే. పోలీస్ పటేల్ నోట వచ్చింది, ఏం చేస్తాం. అబద్ధమాడవచ్చు, నాకు అలవాటే. కానీ వరండాలో బల్లమీద బీరయ్య కూచొని ఉన్నాడు, లోపలి మాటలు వినపడుతున్నాయి. తన వంతు కోసం చూస్తున్నాడు.

"ఎరుకే. నేను గూడ తప్పు రాసిన. సర్కిల్ దగ్గరికి నలుగురం పోదాం. ముందు నేనే చెప్త. నా ఉద్యోగం పోతే పోతది. మీ పటేలు గిరి గూడ పోతది గద" అన్నాను.

ఎప్పుడూ శిష్టంగా మాట్లాడే నా నోట్లో ఆ పూట పాలమూరు బయటికొచ్చింది. నేను నిజంగా పోతానా లేదా అని పటేల్ తూచుకుంటున్నాడని తెలుసు. నాకూ ఖచ్చితంగా తెలియదు. చివరికి ఆయన పెన్ను అందుకొని, ఇప్పుడు చెప్పేది ఏం రాయాలని అడిగాడు. కొత్తగా ఏమీ వద్దు, పాతదే మళ్ళీ చెప్పండన్నాను. రైటరు పాత వాంగ్మూలాలను అక్షరం మార్చకుండా ఎత్తి రాశాడు. వినయవంతుడు. కల్లు ముట్టడు. ముగ్గురూ గొణుక్కుంటూ, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళలా కాక శిక్ష పడినవాళ్ళలా సంతకాలూ వేలిముద్రా పెట్టారు. ఆ కాగితం మీద నిజం రాయడానికి వాళ్ళు అంత కష్టపడ్డారు. నాలుగేళ్ళ కింద అవే మాటలను నవ్వుకుంటూ చెప్పారు.

హిస్టరీ షీటు మూసెయ్యమని సర్కిల్‌కు రాశాను. 1963లో నేను దాచిన సంగతి కూడా అందులోనే రాశాను. దానికి నాకు రెండు ఇంక్రిమెంట్లు ఆగాయి, ఆగవలసిందే. షీటు చివర మూయుటకు కారణం అని ఒక గడి ఉంటుంది. మనిషి చచ్చిపోతేనో, ముసలివాడైతేనో, బాగుపడితేనో అక్కడ రాస్తారు. నేను తిరిగి వచ్చాడు అని రాశాను. ఇది కారణం కాదని సర్కిల్ ఆఫీసు తిప్పి పంపింది. దాన్ని కొట్టేసి సత్ప్రవర్తన అని రాస్తే ఒప్పుకున్నారు. కొట్టేసిన మాట గీత కింద కనపడుతూనే ఉంది.

బీరయ్య నల్లమలకు వెళ్ళే ముందు ఎల్లమ్మను వెంటబెట్టుకొని ఠాణాకు వచ్చాడు. ముసలమ్మకు చూపు మందగించింది. నా గొంతు గుర్తుపట్టి, గప్పుడు రాయమంటె గడి లేదన్నవు గద కొడుకా, ఇప్పుడన్న రాసినవా అని అడిగింది. రాసిన అవ్వా అన్నాను. కొట్టేసిన సంగతి చెప్పలేదు.

ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నది ఒకటుంది. సైన్యం బీరయ్యను మార్చింది, అది నిజం. మంచి మాటలు చెప్పి మార్చలేదు, శిక్ష వేసినవాడు కూడా పక్కన పరుగెత్తాడు. ఆ పని మా ఠాణా చెయ్యగలిగి ఉండీ చెయ్యలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నడవడి విచారణకు పోయినప్పుడు, మనిషి మంచివాడా అని అడగడం మానేశాను. అతను ఊళ్ళో ఉంటే మీకు లాభమా, పోతే లాభమా అని ముందు అడిగి, జవాబు రాసుకొని, ఆ తర్వాతే వాంగ్మూలం తీసుకునేవాణ్ని.